గుండె వైఫల్యం: మరణాలను లెక్కపెట్టడం నేర్చిన కాలం (ధారావాహిక, ఏడో భాగం)

గత భాగం నీరు తీసే మందుల దగ్గర ఆగింది. 1960లలో ఫ్యూరోసెమైడ్ వచ్చాక, కాళ్లు పొంగి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకుంటే ఆయాసం ముంచుకొచ్చి, రాత్రంతా కూర్చునే తెల్లవార్చే రోగికి నడుం వాల్చే వీలు దొరికింది. 1785లో విలియం విదరింగ్ ఫాక్స్‌గ్లవ్ ఆకు గురించి పుస్తకం వేసిన నాటి నుంచీ వైద్యుల చేతిలో ఉన్న డిజిటాలిస్‌కు ఈ మాత్ర తోడైంది. వాపు తీసింది, ఆయాసం తగ్గింది. అయితే ఆ రోగులు ఎక్కువ కాలం బతుకుతున్నారా అన్న ప్రశ్నకు 1980 నాటికి కూడా గట్టి జవాబు లేదు. అంతకన్నా ఆశ్చర్యమేమిటంటే, ఆ ప్రశ్నను విడిగా అడగాలని చాలామందికి తోచనే లేదు. ఆయాసం తగ్గి, మెట్లెక్కగలిగి, మొహంలో కళ వచ్చిన రోగికి ఆయుష్షు కూడా పెరిగే ఉంటుందని అందరూ అనుకున్నారు. 1986 నుంచి 1999 వరకు సాగిన పరిశోధన ఈ నమ్మకాన్ని పగలగొట్టింది. హార్ట్ ఫెయిల్యూర్‌కు ఈ రోజు వాడుతున్న ఏ మందుకన్నా విలువైన ఆవిష్కరణ ఆ కాలంలోనే జరిగిందని నా వాదన. రోగికి ఎలా ఉంది, రోగి బతికి ఉన్నాడా అనే రెండు ప్రశ్నలను విడదీసి, రెండోదానికి మరణాలు లెక్కపెట్టి జవాబు తేవడమే ఆ ఆవిష్కరణ. అది జరగకపోతే ప్రాణం తీసే మందును ప్రాణదాతగా, ప్రాణం నిలిపే మందును విషంగా ఇప్పటికీ చూస్తూ ఉండేవాళ్లం. ఇందులో అతిశయోక్తి లేదని చూపడానికి అప్పటి రుజువులే చాలు.

1970లలో ఈ జబ్బును పంపు బలహీనతగా చూసేవారు. మన దగ్గర ఎకో రిపోర్టు చేతబట్టుకుని "పంపింగ్ ముప్పై శాతమే ఉందట" అనుకునేటప్పుడు ఆ ఊహే పలుకుతుంది. 1970లో స్వాన్, గాంజ్ అనే వైద్యులు కొసన చిన్న బుడగ ఉన్న సన్నని గొట్టాన్ని సిరలోంచి గుండె గదుల గుండా పంపి, మంచం పక్కనే పీడనాలు కొలిచే పద్ధతిని ప్రకటించారు. దాంతో మందు ఎక్కించిన కాసేపటికే గుండె ఎంత రక్తం తోస్తున్నదో అంకెల్లో కనిపించసాగింది. పంపు బలహీనమైతే బలం పెంచే మందు వెతకాలి కదా. అలా వచ్చినవాటిలో మిల్రినోన్ పేరుపడింది. గుండె కండర కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థం పెరిగితే క్యాల్షియం ఎక్కువగా లోపలికి వచ్చి సంకోచం బలపడుతుంది. ఆ పదార్థాన్ని విరిచేసే ఎంజైమును మిల్రినోన్ అడ్డుకుంటుంది. రక్తనాళాలను కూడా సడలిస్తుంది. సూదిమందుగా ఎక్కిస్తే కొలతలు కళ్లముందే మెరుగయ్యేవి. ఇక రోజూ ఇంట్లో వేసుకునే మాత్రగా ఇస్తే చాలనుకున్నారు.

ఈ కథలో మనవాడొకాయన పరోక్షంగా ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ వెంటనే ఏటీపీని గుర్తించారు. కండరం ఏ పని చేసినా ఖర్చయ్యేది ఆ శక్తి నిల్వే. సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది కూడా ఏటీపీ నుంచే. వైఫల్యంలో ఉన్న గుండెలో ఈ నిల్వ తగ్గిపోయి ఉంటుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. అందుచేత మిల్రినోన్ చేసిన పని, మేత చాలని మోట ఎద్దును ములుకోలతో పొడిచి ఇంకో నాలుగు బానలు తోడించడం లాంటిదని ఇప్పుడు తేలిగ్గా చెప్పగలం. కానీ ఇది ఫలితం తెలిశాక వచ్చిన తెలివి. 1985లో ఈ హెచ్చరిక చేసినవాళ్లూ ఉన్నారు, గుండెకు బలం వస్తే కిడ్నీలకు రక్తం అంది ఒళ్లంతా కోలుకుంటుందని వాదించినవాళ్లూ ఉన్నారు. రెండు వాదాలూ వినడానికి సబబుగానే ఉండేవి. వాదనతో తేలే విషయం కాదది.

తేల్చింది ప్రామిస్ అనే ట్రయల్. మిల్టన్ ప్యాకర్ నాయకత్వంలో, తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1088 మందిని తీసుకున్నారు. అప్పటికి వాడుకలో ఉన్న మందులన్నీ అందరికీ కొనసాగించారు. వాటికి అదనంగా ఎవరికి మిల్రినోన్ మాత్ర, ఎవరికి అదే రూపంలో ఉన్న, మందు లేని ప్లేసిబో అన్నది చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఎవరికేది పడిందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపాల్సి వచ్చింది. 1991లో ఫలితాలు అచ్చయ్యాయి: మిల్రినోన్ వేసుకున్నవాళ్లలో 30 శాతం, ప్లేసిబో వేసుకున్నవాళ్లలో 24 శాతం చనిపోయారు. మరణం ముప్పు 28 శాతం పెరిగింది. జబ్బు బాగా ముదిరి, కూర్చున్నా ఆయాసపడేవాళ్లలో, అంటే ఈ మందు ఎవరికోసం పుట్టిందో వాళ్లలోనే, ముప్పు 53 శాతం ఎక్కువైంది. రెండేళ్లు తిరక్కుండానే ఇలాంటిదే ఇంకొకటి. ఫ్లోసెక్వినాన్ అనే మందు రోగులు ట్రెడ్‌మిల్ మీద నడవగలిగే సమయాన్ని పెంచింది. ఆ ఫలితాలతో అమెరికాలో అనుమతి కూడా పొందింది. మరణాలు లెక్కపెట్టే ప్రొఫైల్ ట్రయల్‌లో ఆ మందు వేసుకున్నవాళ్లు ఎక్కువగా చనిపోతున్నట్టు తేలడంతో 1993లో దాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించారు. ఎక్కువ దూరం నడిచినవాళ్లు తక్కువ కాలం బతికారు.

పక్కనే ఉన్న రంగంలో అప్పటికే ఒక దెబ్బ తగిలింది. గుండెపోటు తర్వాత లయ తప్పి కొట్టుకునే గుండెలను ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులతో సరిదిద్దేవారు. ఈసీజీలో ఆ తప్పుడు కొట్టుకోళ్లు మాయమయ్యేవి కనుక ప్రాణాలు కాపాడుతున్నామన్న ధీమా ఉండేది. కాస్ట్ అనే ట్రయల్‌లో ఈ రెండు మందులకు సంబంధించి 1498 మందిని గమనిస్తే, మందు వేసుకున్న 755 మందిలో 63 మంది, ప్లేసిబో వేసుకున్న 743 మందిలో 26 మంది మరణించారు. ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు. ఎంత మంది ఇలా చనిపోయి ఉంటారన్న ఆలోచన ఆ తరం హృద్రోగ నిపుణులను చాలాకాలం వెంటాడింది.

ఇక్కడ ఒక అనుమానం సహజం. అనుభవం పండిన వైద్యులు ఇంతమంది చనిపోతుంటే ఎందుకు పోల్చుకోలేకపోయారు? వాళ్ల నిర్లక్ష్యం వల్ల కాదు, లెక్క వల్ల. గుండె వైఫల్యం తనంతట తానే చంపే జబ్బు. నూటికి ఇరవై నలుగురు ఎలాగూ పోయేచోట ముప్పైమంది పోతే, అదనంగా పోయిన ఆ ఆరుగురూ ఎవరో ఎవరికీ తెలియదు. ఏడాదికి ఇరవైమంది ఇలాంటి రోగులను చూసే వైద్యుడికి ఆ తేడా ఒక్క మనిషి. ఆ ఒక్క మరణాన్నీ జబ్బు ఖాతాలోనే వేస్తాడు, వేయడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. చనిపోయినవాళ్లు తిరిగొచ్చి మందు గురించి చెప్పరు. బతికినవాళ్లు మాత్రం వచ్చి, "ఈ మాత్ర వేసుకున్నాక ప్రాణం లేచొచ్చిందయ్యా" అంటారు, అది నిజమే కూడా. అలా వైద్యుడి అనుభవంలోకి ఒక వైపు సాక్ష్యమే చేరుతుంది. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పరీక్షించి 1948లో ఫలితాలు అచ్చేసిన బ్రిటన్ ట్రయల్‌లో ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ పాటించిన యాదృచ్ఛిక విభజనే దీనికి విరుగుడు. వయసు, తీవ్రత, కుటుంబ పరిస్థితి, మనకు తట్టని ఇంకెన్నో తేడాలు రెండు గుంపులలోనూ సమంగా సర్దుకుంటాయి. మిగిలే ముఖ్యమైన తేడా మందొక్కటే. క్షయలో తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది కనుక వందమంది చాలారు. గుండె వైఫల్యంలో తేడా సన్నగా ఉంటుంది, అందువల్ల వేలమంది కావాలి. దానికి వందల ఆసుపత్రులు, ఏళ్ల ఓపిక, ఎంతో డబ్బు కావలసి వచ్చాయి.

ఈ పద్ధతి చెడ్డ మందులను బయటపెట్టడానికే పరిమితమైతే దాన్ని అంతగా పొగడనక్కరలేదు. 1986లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో జే కోన్ బృందం 642 మంది పురుషుల మీద చేసిన అధ్యయనం, రక్తనాళాలు సడలించే హైడ్రలజీన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ జోడీతో మరణాలు తగ్గవచ్చని చూపింది. అదే అధ్యయనంలో అదే ఉద్దేశంతో ఇచ్చిన ప్రాజోసిన్ ఏ మేలూ చేయలేదు. మరుసటి ఏడాది స్వీడన్, నార్వే, ఫిన్లండ్ వైద్యులు కన్సెన్సస్ పేరుతో చేసిన ట్రయల్ వచ్చింది. మంచం పట్టిన 253 మందికి ఎనలాప్రిల్ లేదా ప్లేసిబో ఇచ్చారు. ఆరు నెలల్లో ప్లేసిబో గుంపులో 44 శాతం, ఎనలాప్రిల్ గుంపులో 26 శాతం మరణించారు. బ్రెజిల్ పాము జరారాకా విషం మీద సెర్జియో ఫెరేరా చేసిన పనితో మొదలై, క్యాప్టోప్రిల్ మీదుగా వచ్చిన మందుల కుటుంబమిది. 1991లో 2569 మందితో వచ్చిన సాల్వ్డ్ ట్రయల్ ఈ మేలు ఒక మోస్తరు జబ్బు ఉన్నవాళ్లకూ అందుతుందని నిర్ధారించింది. మరణం ముప్పు తగ్గినది 16 శాతమే అయినా, మరణాలు 510 నుంచి 452కు దిగాయి. సాల్వ్డ్‌ను నడిపించినవారిలో ముఖ్యుడు కేరళలో పుట్టి బెంగళూరులో వైద్యం చదివిన సలీం యూసుఫ్. చిన్న తేడాలను నమ్మకంగా పట్టాలంటే ట్రయల్ పెద్దదిగా, సరళంగా ఉండాలని పట్టుబట్టినవారిలో ఆయన ముందుంటారు.

నా వాదనకు అసలైన సాక్ష్యం బీటా బ్లాకర్ల చరిత్ర. జేమ్స్ బ్లాక్ 1960లలో ప్రొప్రనలాల్ తయారుచేసినప్పటి నుంచీ, గుండె వైఫల్యంలో ఈ మందులు ఇవ్వకూడదని పాఠ్యపుస్తకాలు కచ్చితంగా చెప్పేవి. కారణం స్పష్టమే. ఇవి గుండె వేగాన్నీ, సంకోచ బలాన్నీ తగ్గిస్తాయి. అసలే కుంటుతున్న గుండెను ఇంకా అణచడమేమిటి? 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టెయిన్, ఆకె యాల్మర్‌సన్ బృందం ఏడుగురే ఏడుగురు రోగుల గురించి ఒక వ్యాసం ప్రచురించింది. గుండె కండరం దెబ్బతిని, విశ్రాంతిగా ఉన్నా నాడి దడదడలాడుతున్న ఆ రోగులకు బీటా బ్లాకర్ జాగ్రత్తగా మొదలుపెట్టి నెలల తరబడి ఇస్తే, దిగజారతారనుకున్నవాళ్లు మెరుగయ్యారు. తర్వాతి ఏళ్లలో మందు ఆపి చూస్తే మళ్లీ క్షీణించారు. ఇదంతా వైద్య ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. ఏడుగురి అనుభవం, పాత రోగులతో పోలిక, ఇవి రుజువు కావు. కానీ ప్రశ్నను పరీక్షకు పెట్టకుండా ఇరవై ఏళ్లు దాటవేయడం మాత్రం తప్పే.

ఈలోగా ఎదుటి వైపు నుంచి ఆధారాలు పోగయ్యాయి. 1984లో కోన్ బృందం 106 మంది రోగుల రక్తంలో నోరడ్రినలిన్ కొలిచి, అది ఎంత ఎక్కువ ఉంటే మరణం అంత దగ్గరని చూపింది. పారిపోయేటప్పుడో, నెత్తురు పోయినప్పుడో కొద్దిసేపు ఆదుకునే ఈ హార్మోను, నెలల తరబడి గుండెను తరుముతూ ఉంటే కండర కణాలను చంపుతుందన్న ఊహ బలపడింది. ఆ తరుమును అడ్డుకునేవే బీటా బ్లాకర్లు. అయినా రోగి దగ్గర ఇబ్బంది అలాగే ఉంది. బీటా బ్లాకర్ మొదలుపెట్టిన తొలి వారాల్లో చాలామందికి నీరసం, ఆయాసం పెరుగుతాయి. మేలు కనిపించడానికి నెలలు పడుతుంది. రోగి ఒంట్లో ఎలా ఉందన్నదే కొలమానమైతే ఈ మందు మొదటి నెలలోనే ఓడిపోతుంది. 1996లో కార్వెడిలాల్ మీద అమెరికాలో 1094 మందితో జరిగిన అధ్యయనాల ఫలితాలు వచ్చినప్పుడు ఈ వైరుధ్యం బట్టబయలైంది. మరణాలు ప్లేసిబో గుంపులో 7.8 శాతం, కార్వెడిలాల్ గుంపులో 3.2 శాతం. కానీ ముందుగా ప్రధాన కొలతగా పెట్టుకున్న నడక పరీక్షలో చెప్పుకోదగ్గ మెరుగు లేదు. పెట్టుకున్న కొలతలో నెగ్గలేదు, పెట్టుకోని కొలతలో అద్భుతంగా నెగ్గింది, దీన్ని ఎలా ఒప్పుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం తల పట్టుకుంది. మొదట కాదంది. 1997లో గానీ అనుమతి రాలేదు. ఫ్లోసెక్వినాన్‌ను దీని పక్కన పెట్టి చూడండి. నడిపించిన మందు చంపింది, నడిపించని మందు బతికించింది. ఈ రెంటినీ అధ్యయనం చేసిన బృందాల నాయకుడు ఒకరే, అదే ప్యాకర్.

1999లో సందేహం తీరింది. 2647 మందితో సిబిస్-2 ట్రయల్‌లో బిసోప్రొలాల్ మరణాలను 17.3 శాతం నుంచి 11.8 శాతానికి దించింది. 3991 మందితో మెరిట్ ట్రయల్‌లో మెటోప్రొలాల్ దాదాపు అంతే మేలు చేసింది, ముప్పు మూడో వంతు తగ్గింది. రెండేళ్ల తర్వాత కోపర్నికస్, జబ్బు తీవ్రంగా ముదిరినవాళ్లలో కూడా కార్వెడిలాల్ మరణాలను 190 నుంచి 130కి తగ్గిస్తుందని చూపింది. పాతికేళ్ల కిందట ఇవ్వకూడదన్న మందు ఇవ్వకపోతే తప్పనే మందైంది.

దీన్ని చదివి ఒకరు ఇలా అనవచ్చు: పంపు సిద్ధాంతం తప్పు, హార్మోన్ల సిద్ధాంతం ఒప్పు, సిద్ధాంతం సరిదిద్దుకున్నాం కనుక ఇక ఈ లెక్కల అవసరం అంతగా లేదు. చరిత్ర ఈ మాటకు వెంటనే బదులిచ్చింది. నోరడ్రినలిన్ పోటు చంపుతుందన్నది నిజమైతే, దాన్ని మెదడు నుంచే తగ్గించే మోక్సోనిడిన్ ఇంకా బాగా పనిచేయాలి. 1934 మందితో పరీక్షించారు. మోక్సోనిడిన్ గుంపులో 54 మరణాలు, ప్లేసిబో గుంపులో 32. అధ్యయనాన్ని 1999లోనే, అంటే బీటా బ్లాకర్లు గెలిచిన ఏడాదే ఆపేశారు. బీటా బ్లాకర్ల కుటుంబంలోనే బుసిండొలాల్ అనేది 2708 మందిలో స్పష్టమైన ఆయుర్లాభం చూపలేకపోయింది. ఒప్పయిన సిద్ధాంతం కూడా తర్వాతి మందుకు హామీ ఇవ్వదన్నమాట. ఏ తలుపు తట్టాలో సిద్ధాంతం చెబుతుంది. లోపల ఏముందో తెరిచి చూస్తేగానీ తెలియదు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. ఆయుష్షే సర్వస్వమా? ఊపిరాడక నరకం చూస్తున్న మనిషి, ఆరు నెలలు తక్కువైనా సరే హాయిగా పోనివ్వండి అంటే కాదనడానికి మనమెవరం? ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. మిల్రినోన్‌ను సూదిమందుగా ఈ రోజుకీ వాడుతున్నారు, గుండె మార్పిడికి ఎదురుచూస్తున్నవాళ్లకు, ఇక వేరే దారి లేనివాళ్లకు. అది సమంజసమే. డిజాక్సిన్ సంగతి ఇంకా తేటగా ఉంది. విదరింగ్ తర్వాత 212 ఏళ్లకు, 1997లో, 6800 మందితో దాన్ని పరీక్షిస్తే డిజాక్సిన్ గుంపులో 1181 మరణాలు, ప్లేసిబో గుంపులో 1194. ఆయుష్షు పెంచలేదు, తగ్గించలేదు. కానీ గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 28 శాతం తగ్గింది. ఉపశమనం కోసం ఇవ్వదగిన మందని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలం. హాయి కోసం ఆయుష్షును పణంగా పెట్టే హక్కు రోగిది. ఆ బేరంలో తాను ఏమి ఇస్తున్నాడో అతనికి తెలియాలి కదా. 1988లో మిల్రినోన్ మాత్ర మింగిన రోగికి అలాంటి బేరం జరుగుతున్నట్టే తెలియదు. అతని వైద్యుడికీ తెలియదు. మరణాల లెక్క వచ్చాకే రోగి ఎంపికకు అర్థం వచ్చింది.

చావుబతుకుల్లో ఉన్నవాడికి మందులేని మాత్ర ఇవ్వడం క్రూరం కాదా అన్నది మూడో ప్రశ్న. మన దగ్గర ట్రయల్స్ అనగానే జనం భయపడటానికి కారణాలున్నాయి. పేదలను, చదువులేనివాళ్లను అర్థమయ్యేలా చెప్పకుండా చేర్చుకోవడం నేరం, దాన్ని ఏ శాస్త్రమూ సమర్థించదు. కానీ ప్లేసిబో అనగానే వైద్యం ఆపేయడమనుకోవడం పొరపాటు. ప్రామిస్‌లోనూ, సిబిస్-2లోనూ అప్పటికి ఉన్న ఉత్తమ చికిత్స రెండు గుంపులకూ అందింది. ప్లేసిబో చేరింది దానిపైనే. పరిశోధకులతో సంబంధం లేని పర్యవేక్షక బృందం ఒకటి మధ్యమధ్య లెక్కలు విప్పి చూస్తుంది. తేడా హద్దు దాటితే ఆపేస్తుంది. కన్సెన్సస్‌ను మేలు తేలినందుకు ఆపారు, ప్రామిస్‌ను కీడు తేలినందుకు ఆపారు. ప్రామిస్‌లో అదృష్టవంతులు ప్లేసిబో పడినవాళ్లే. కొత్త మందు దక్కలేదని వాళ్ల మీద జాలిపడినవాళ్లు అప్పట్లో ఉండే ఉంటారు. మేలో కీడో నిజంగా తెలియని చోట చీటీ వేయడం రెండు గుంపులకూ సమానమైన న్యాయం. పరీక్షించకుండా అందరికీ ఇచ్చేయడం కూడా ప్రయోగమే, ఎవరూ లెక్క రాసుకోని ప్రయోగం.

నాలుగో ఆక్షేపణకు మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు, ఎందుకంటే అది చాలావరకు నిజం. లెక్కపెట్టింది ఎవరిని? కోన్ 1986 అధ్యయనంలో ఒక్క స్త్రీ లేదు. ట్రయల్‌లో చేరేవాళ్లు సాధారణంగా వయసులో చిన్నవాళ్లు, కిడ్నీలు బాగున్నవాళ్లు. 1999లో రేల్స్ ట్రయల్ స్పైరనోలాక్టోన్ మరణం ముప్పును 30 శాతం తగ్గిస్తుందని చూపగానే కెనడాలోని ఒంటారియోలో ఆ మందు విపరీతంగా రాశారు. అక్కడి వృద్ధ రోగులలో రక్తంలో పొటాషియం పెరిగి ఆసుపత్రి పాలయ్యేవారు 1994లో వెయ్యికి 2.4 మంది ఉంటే, 2001 నాటికి 11 మంది అయ్యారు. ట్రయల్‌లో చేసినంత జాగ్రత్తగా రక్తపరీక్షలు బయట జరగలేదు. ఈ కీడును పట్టుకున్నది కూడా లెక్కపెట్టిన మరో బృందమే అని గుర్తుంచుకుందాం. మన దేశం సంగతి చూస్తే, 2013లో తిరువనంతపురం జిల్లా ఆసుపత్రులలో నమోదైన 1205 మంది గుండె వైఫల్య రోగుల సగటు వయసు 61. అమెరికా ఆసుపత్రులలో చేరేవాళ్లకన్నా దాదాపు పదేళ్లు తక్కువ. పంపింగ్ తగ్గినవాళ్లలో రుజువైన మందులన్నీ అందింది నాలుగో వంతు మందికే. 2017లో 16 దేశాల రోగులను పోల్చిన ఇంటర్-సీహెచ్‌ఎఫ్ అధ్యయనంలో ఏడాదిలోపు మరణాలు చైనాలో 7 శాతం, భారత్‌లో 23 శాతం. ఈ తేడాకు కారణం మందుల గుణంలో ఉందని నేను అనుకోను. ఆలస్యంగా ఆసుపత్రికి రావడం, మూడు నెలలు వాడి డబ్బుల్లేక ఆపేయడం, రాసిన వైద్యుడు మోతాదు పెంచకపోవడం, ఇవి చంపుతున్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారయ్యే జెనరిక్ మందులు ప్రపంచమంతా పోతున్నాయి. ఆ ఫ్యాక్టరీలకు కూతవేటు దూరంలో ఉన్న పల్లెల్లో ఈ రోగులు ఎంతమంది ఉన్నారో, ఏడాది తర్వాత ఎంతమంది మిగిలారో మనం కూడా రాసిపెట్టుకోవాలి. పరాయి లెక్కలు మనకు పనికిరావని వదిలేయడం కన్నా, ఆ లెక్కలలో మనమూ చేరడం మేలు.

అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం ఈ పద్ధతికి ఉన్న ఇంకో గుణం. 2007లో డయాబెటిస్ మందు రోసిగ్లిటజోన్ గుండెపోట్లు పెంచుతోందన్న అనుమానం వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా నియంత్రణ సంస్థ, కొత్త డయాబెటిస్ మందులు గుండెకు హాని చేయవని పెద్ద ట్రయల్స్‌తో చూపాలని చెప్పింది. కంపెనీలు ఖర్చు దండగని గొణిగాయి. ఆ నియమం వల్లే 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ మీద 7020 మందితో ట్రయల్ పూర్తయింది. హాని లేదని తేలడం అటుంచి, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 35 శాతం తగ్గిపోయింది. ఆపిల్ చెట్టు బెరడులో 1835లో దొరికిన ఫ్లోరిజిన్ అనే పదార్థానికి దూరపు బంధువులైన ఈ మందులు మూత్రంలో చక్కెరను పోనిస్తాయి. గుండెను కాపాడతాయని ఏ సిద్ధాంతమూ ముందుగా చెప్పలేదు. 2019లో డాపా-హెచ్‌ఎఫ్ ట్రయల్ 4744 మంది గుండె వైఫల్య రోగులను తీసుకుంది, వాళ్లలో సగానికి పైగా డయాబెటిస్ లేనివాళ్లే. జబ్బు ముదరడం లేదా గుండె జబ్బుతో మరణం ప్లేసిబో గుంపులో 21.2 శాతం, డాపాగ్లిఫ్లోజిన్ గుంపులో 16.3 శాతం. ఈ ట్రయల్ జరిగిన 20 దేశాలలో మన దేశమూ ఉంది. ఎందుకు పనిచేస్తుందన్న చర్చ ఇంకా నడుస్తోంది, రోగులు మాత్రం మాత్ర వేసుకుంటున్నారు.

ఇంతవరకూ చెప్పినదంతా ప్రధానంగా పంపింగ్ తగ్గిన గుండెల కథ. ఎకోలో పంపింగ్ బాగానే ఉండి, కండరం బిగుసుకుపోయి, అంతే ఆయాసపడే రోగులు మరో సగం. వాళ్ల దగ్గర ఎనలాప్రిల్ కుటుంబమూ, బీటా బ్లాకర్లూ పాత విజయాన్ని తిరిగి సాధించలేకపోయాయి. 2014లో స్పైరనోలాక్టోన్‌ను 3445 మంది అలాంటి రోగులలో పరీక్షించిన టాప్‌క్యాట్ ట్రయల్ ఒక చిక్కుముడిని మిగిల్చింది. ఒకే ట్రయల్‌లో, ప్లేసిబో వేసుకున్నవాళ్లలో చెడు ఫలితాలు అమెరికా ఖండాలలో 31.8 శాతం, రష్యా, జార్జియాలలో 8.4 శాతం. తర్వాత దాచి ఉంచిన రక్త నమూనాలు తీసి చూస్తే, మందు వేసుకుంటున్నామని చెప్పిన రష్యా రోగులలో 30 శాతం మంది రక్తంలో ఆ మందు జాడే లేదు. మరణాలు లెక్కపెట్టినా లెక్కలోకి చేరినవాళ్లెవరన్న సంగతి తప్పితే ఏమవుతుందో వచ్చే భాగంలో టాప్‌క్యాట్‌తోనే మొదలుపెడదాం.